రాజపాళయం ఈస్టుకూ చలేస్తుంది

ఆ మధ్యాహ్నం కరెంటు పోకపోయి ఉంటే యామిని ఆ పెట్టెలో చేయి పెట్టేది కాదు.

ఏప్రిల్ మొదటి రోజులు. రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకునే వేళ. మదురై దాపునున్న రాజపాళయంలో, కాలేజీ పరిశోధనశాలలో ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. మూలనున్న పాత ఇంక్యుబేటర్ డయల్ పదహారు డిగ్రీల దగ్గర ఉంది. కరెంటు వచ్చేలోగా కాస్త చల్లగాలైనా తగులుతుందన్న ఆశతో ఆమె దాని తలుపు తీసి, మోచేతి దాకా చేయి లోపలికి పోనిచ్చింది.

లోపలా బయటి ఉక్కే.

కరెంటు పోయి ఐదు నిమిషాలు కూడా కాలేదు. ఇంట్లో ఫ్రిజ్ అయితే గంటసేపైనా చలువ నిలుపుకుంటుంది. ఇది ఇంత త్వరగా ఎలా వేడెక్కింది? ఆమె పెట్టెను గోడ నుంచి లాగి వెనక్కి తొంగి చూసింది. కంప్రెసర్ లేదు. చలువ తిరిగే గొట్టాలు లేవు. అడుగున హీటరు తీగ ఒక్కటే చుట్టలు చుట్టుకుని ఉంది. అంటే ఆ పెట్టె త్వరగా వేడెక్కలేదు. అది ఎన్నడూ చల్లబడనే లేదు.

యామిని అక్కడే స్టూలు మీద కూర్చుని, ఒక కారణం నుంచి మరొక కారణానికి నెమ్మదిగా వెనక్కి నడిచింది. ఆ పెట్టెకు వేడి చేయడం మాత్రమే వచ్చు. ముప్పై ఏడుకు తిప్పితే ఎర్ర దీపం వెలుగుతుంది, వేడి చాలినప్పుడు ఆరుతుంది. అందువల్ల ఆ పరిశోధనశాలలో చేరిన ప్రతి విద్యార్థికీ మొదటి రోజునే ఒక మాట చెప్పేవారు: దీపం ఆరితే ఉష్ణోగ్రత వచ్చినట్టు. ముప్పై ఏడుకు ఆ మాట నిజమే. పదహారుకు తిప్పినప్పుడు మాత్రం గది వేడి అప్పటికే దానికి రెట్టింపు ఉంటుంది గనుక హీటరుకు పని పడదు, దీపం వెలగదు. వెలగని దీపాన్ని ఆరిన దీపంగా లెక్కవేసుకున్నారు. థర్మామీటరు ఉండి ఉంటే అదైనా చెప్పేది. పెట్టె పైన దానికోసం రంధ్రం ఉంది. థర్మామీటరు ఏనాడో పగిలిపోతే, ఆ రంధ్రంలో ఎవరో ఆసుపత్రి దూది ఉండ చేసి కుక్కారు. ఆసుపత్రి దూది తయారయ్యే ఊరు గనుక, దూది కోసం ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు.

చల్లని దేశంలో ఇదే పొరపాటు జరిగితే రెండు మూడు డిగ్రీల తేడా వచ్చి ఉండేది. రాజపాళయంలో జరిగింది కనుక ఒక కొత్త ఈస్టు పుట్టింది.

ఎనిమిదేళ్ళ క్రితం ప్రొఫెసర్ శివకామి కొండకింది తోటలో చప్పట్టై మామిడిపండు తొక్క మీది నుంచి ఒక ఈస్టును వేరుచేసింది. ఈస్టు కణం రెండుగా చీలేముందు తన డి.ఎన్.ఏ. దారాన్ని నకలు తీసుకోవాలి. ఆ పని చేసే పాలిమరేజ్ ఎంజైములలో డెల్టా అనేది ఒకటి. ఈస్టులో దానికి మూడు భాగాలు. మొదటిది అక్షరం వెంట అక్షరం నకలు తీస్తుంది. రెండోది మొదటిదానికి ఆసరాగా నిలుస్తుంది. పోల్ ముప్పై రెండు అని పిలిచే మూడోది, రెండోదాన్ని పట్టుకుని, దారాన్ని చుట్టి జారే ఒక వలయానికి ఈ యంత్రాన్ని తగిలించే కొక్కెం లాంటిది. ఆ మూడో భాగాన్ని తీసేసినా వెచ్చగా ఉన్నంతకాలం ఈస్టు బతుకుతుంది. చలి తగిలిందా, పెరుగుదల నిలిచిపోతుంది. ప్రయోగశాలల్లో పెంచే ఈస్టులో ఇది ఎప్పుడో తేలిన సంగతి. శివకామి మాత్రం తన మామిడి ఈస్టులో ఆ భాగాన్ని తీసేసి, పదహారు డిగ్రీల పెట్టెలో పెట్టి, అది హాయిగా పెరిగిందని ప్రకటించింది. పత్రిక అచ్చువేసింది. ఊరు దానికి 'రాజపాళయం ఈస్టు' అని పేరు పెట్టుకుంది. రాజపాళయం జాతి కుక్క తరువాత మా ఊరికి ఈస్టేనని టీకొట్టు దగ్గర నవ్వుకున్నారు. కాలేజీ నడిపే ట్రస్టు ఆ ఈస్టు పేరిట కొత్త ల్యాబుకు శంకుస్థాపన కూడా చేసింది.

మూడో భాగం లేకుండా ఆ ఈస్టు చలిలో ఎలా నెగ్గుకొస్తోంది, దాని బదులు ఏది పనిచేస్తోంది అన్నదే యామిని సిద్ధాంత గ్రంథం. ఆ బదులుకోసం ఆమె రెండేళ్ళు వెతికింది. దొరకలేదు. తన చేతకానితనమనుకుంది. ఇప్పుడు, ఉక్కపెట్టెలో చేయి పెట్టాక తెలిసింది, దొరకడానికి అక్కడ ఏమీ లేదని. నెలాఖరున ఆమె సెమినారు. గైడుగా శివకామి సంతకం పెట్టనిదే గ్రంథం కాలేజీ గడప దాటదు.

సాయంత్రం ఆమె శివకామి గదికి వెళ్ళింది.

"మేడం, ఆ పెట్టె చలి చెయ్యదు."

శివకామి ప్రశ్నాపత్రాలు దిద్దుతోంది. తల ఎత్తలేదు. "ఏ పెట్టె?"

"మన పదహారు డిగ్రీల పెట్టె. వెనకాల హీటరు ఒక్కటిదాన్ ఉండాది. కంప్రెసరే లేదు."

"లైటు ఆరితే వచ్చినట్టే కదమ్మా?"

"ఆరాలంటే ముందు వెలగాల కదా, మేడం? పదహారులో ఆ లైటు వెలిగింది మీరు ఎప్పుడన్నా చూసినారా?"

శివకామి కలం ఆగింది. ఆమె జూన్‌లో పదవీ విరమణ చేయబోయే మనిషి. పని శుభ్రతకు పేరుపడ్డ మనిషి. ఈస్టును పెంచే ప్లేటు మీద ఆమె లూపు తీగతో గీసిన గీత చూసి, పక్క కాలేజీల వాళ్ళు ముగ్గు వేసినట్టుందని మెచ్చుకునేవారు.

"యామిని, నీకు లూపు పట్టేది నేర్పించింది ఎవరు?"

"మీరే, మేడం. కంటితో చూడనిది రాయద్దని నేర్పించింది కూడా మీరే."

"వాయి బాగానే పెరిగింది నీకు, మాటకు మాట చెప్తుండావు." శివకామి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "సరి, పెట్టె తప్పనే అనుకో. ఈ ఊళ్ళో చలి యాడనుంచి తెస్తావు? మదురైకి పంపిస్తానంటావా? రేపటికల్లా అందరి నోట్లోనూ పడతాము. నేను ఒప్పుకోను. ఉన్న అధ్యాయం ఉన్నట్టు రాసి తీసుకురా, సంతకం పెడ్తాను. లేదంటే లేదు."

"మదురైకి పంపను, మేడం," అంది యామిని లేస్తూ. "చలి ఈ ఊళ్ళోనే ఉండాది."

ఉన్నది ఆమె మేనమామ బాలాజి దగ్గర. ఆయనకు పండ్ల మండి. సేత్తూరు, మంసాపురం తోటల నుంచి వచ్చే పచ్చి అరటిగెలలు పెళ్ళి ముహూర్తాల దాకా పండకుండా ఉండడానికి మండి వెనకాల ఒక చలిగది కట్టించాడు. అందులో ఎప్పుడూ పదమూడు డిగ్రీలే. అంతకు తగ్గితే తొక్క నల్లబడుతుంది, బాగా పెరిగితే కాయ పండిపోతుంది.

"పాచి పట్టిన ప్లేట్లు తెచ్చి నా కాయి పక్కన పెడ్తానంటావా, పాపా?" బాలాజి తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ అడిగాడు. "పెళ్ళివాళ్ళ ఆర్డరు అది."

"పాచి కాదు మామా, ఈస్టు. మూతలు అంటించినాను. బయటికి రాదు."

"వస్తే?"

"వస్తే నీ పండు ఇంగా రుచి అవతాది."

"రుచియా, మత్తా? అరిటిపండు తిని పెళ్ళికొడుకు ఊగితే అందరూ నన్నుదాన్ పట్టుకుంటారు." నవ్వి, తాళం తీశాడు. "మన ఊరి ఈస్టు గొప్పతనం ఇంగా బాగా తెలుస్తాది కదా దీనివల్ల? మేడంకు మా వర్తక సంఘం సన్మానం చేస్తుండాది. సంఘం పెద్ద, తలైవర్, నేనే."

"ఏమి తెలుస్తాదో పెట్టినంకనే తెలుస్తాది, మామా."

ఆయన తనకు కావలసిన జవాబును అందులోంచి ఏరుకున్నాడు.

ఆమె ఒక్కో ప్లేటును నాలుగు గళ్ళు చేసింది. మూడో భాగం ఉన్న ఊరి ఈస్టు, మూడో భాగం తీసేసిన ఊరి ఈస్టు. వాటి పక్కనే, అలాగే ఉన్నదీ తీసేసిందీ, బయటి ప్రయోగశాలల నుంచి వచ్చిన మామూలు ఈస్టు. అలాంటి ప్లేట్లే కొన్ని కాలేజీ అలమారులో ఊరి వేడికి వదిలేసింది. చలిగదిలో బాలాజి వేలాడదీసిన థర్మామీటరు పక్కన తనదీ ఒకటి వేలాడదీసింది. ఇక చేయవలసింది కాచుకోవడమే. చలిలో ఈస్టు తొందరపడదు.

కొడైకానల్ విహారానికి కొన్న స్వెట్టరును సంచిలో పెట్టుకుని ఆమె రోజూ షేర్ ఆటోలో మండికి వెళ్ళేది. ఏప్రిల్ ఎండలో స్వెట్టరు వేసుకుంటున్న పిల్లను చూసి గెలలు మోసే ఆడవాళ్ళు ముఖాలు చూసుకునేవారు. "చలి జ్వరమా, అమ్మణీ?" అని మారిసెల్వి అనే ఆమె రోజూ అడిగేది. "ఆమా అక్కా, చలి జ్వరమే, నాకు కాదు, నా ఈస్టుకు," అని యామిని రోజూ చెప్పేది.

కాలేజీ అలమారులోని ప్లేట్లలో నాలుగు గళ్ళూ రెండోనాటికే తెల్లగా నిండిపోయాయి. చలిగదిలో మూడో భాగం ఉన్న ఈస్టులు, ఊరిదైనా బయటిదైనా, నెమ్మదిగా ఆవగింజల్లా తేలాయి. మూడో భాగం లేని చోట్లు, బయటిదే కాదు, ఊరిది కూడా, కడిగిన పళ్ళెంలా మిగిలాయి. పది రోజులు గడిచినా అంతే. ఆమె ఒక ప్లేటును చలిలోంచి తీసి వేడిలో పెట్టింది. ఖాళీగా ఉన్న ఆ చోట్లలోనూ ఈస్టు మెల్లగా లేచింది. చావలేదన్నమాట. వెచ్చదనం కోసం ఆగి ఉంది. పని అంతా మళ్ళీ మొదటి నుంచి చేసింది. మళ్ళీ అదే వచ్చింది.

బాలాజి ఆ ప్లేటును ట్యూబులైటు కింద పెట్టి చూశాడు.

"అయితే మన ఊరి ఈస్టుకు కూడా చలేస్తాదా?"

"వేస్తాది మామా. అన్నిటికీ వేసినట్టే."

"అయ్యో, బ్యానర్ ప్రింటుకు పోయింది పాపా!"

"ఏమని వేయించినావు?"

"చలికి జడవని రాజపాళయం ఈస్టు, అని. ఎర్ర అక్షరాలు. పక్కన మేడం ఫోటో."

యామినికి నవ్వు వచ్చింది. బాలాజికి రాలేదు. ఆయన ప్లేటు కింద పెట్టి గొంతు తగ్గించాడు. "ఇదో చూడు, నా గదిలో పెట్టినది నాకు తెలియదు, నువ్వు తీసినది నాకు తెలియదు. ఎత్తుకపో. ఊరి పేరు చెడగొట్టింది బాలాజి గది అనే మాట వద్దు."

"ఎత్తుకపోతాను. మేడం వచ్చి చూసినంక."

"ఆమె వస్తాదా, ఈ అరిటిగెలల మధ్యకి?"

శివకామి వచ్చింది. మరునాటి ఉదయం, గొడుగు వేసుకుని, ఒంటరిగా. బాలాజి చలిగదిలోకి కుర్చీ తేబోతే వద్దంది. చీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, చేతిసంచిలోంచి తన సొంత థర్మామీటరు తీసి గెలల మధ్య వేలాడదీసి, పాదరసం దిగేవరకు నిలబడింది. అది పదమూడు దగ్గర ఆగింది. అప్పుడు ప్లేట్లను ఒక్కొక్కటిగా లైటుకెత్తి చూసింది.

"చచ్చిపోయినాయా, నిలిచిపోయినాయా?"

"నిలిచినాయి, మేడం. వేడికి పెడితే వచ్చినాయి."

"గుర్తులు తారుమారు కాలేదు కదా?"

"లేదు. రెండోసారి మారిసెల్వి అక్క చేత ఈస్టు సీసాలకు పేర్లు లేకుండా రంగు దారాలు కట్టించి, వాటినుంచే పెట్టినాను. ఏది ఏదో నాకే తెలియకుండా చూసుకున్నాను."

తను అడగవలసినదానికి జవాబు ముందే సిద్ధంగా ఉండడం శివకామిని ఒక్క క్షణం ఉపాధ్యాయురాలిని చేసింది. ఆమె తల ఆడించింది. తరువాత ఆ తల ఆగిపోయింది.

"యామిని, నా మాట విను. చలి గురించిన మూడో అధ్యాయం తీసేయి. మొదటి రెండూ చాలు, నేను సంతకం పెడ్తాను, నువ్వు డాక్టరు అయిపోతావు. జూన్‌లో నేను ఇంటికి పోతాను. ఆ తరవాత ఇది రాయి. నా పేరు పెట్టి తిట్టినా సరి, నేను నోరు తెరవను. రెండు నెలలే కదా నేను అడిగేది."

అది అన్యాయమైన బేరమేమీ కాదు. యామిని దాన్ని తూచి చూసింది. ఎవరూ అవమానపడరు. ఊరు సన్మానం చేసుకుంటుంది. ఆ సన్మానం వల్ల కొత్త ల్యాబు గోడలు లేస్తాయి. లేచిన ల్యాబులో కొత్తగా చేరిన పిల్లకు ఎవరో ఒకరు చెప్తారు, ఆ మూడో భాగానికి బదులు ఏముందో వెతకమని. ఆ పిల్ల వెతుకుతుంది. జూన్ తరువాత యామిని రాసేదాన్ని కట్టిన గోడల మధ్య ఎవరు చదువుతారు?

"కుదరదు, మేడం."

"ఏంటికి కుదరదు?"

"లేనిదాన్ని వెతికి నేను రెండేళ్ళు పోగొట్టుకున్నాను. ఇంగొక పిల్ల పోగొట్టుకోరాదు."

"నాకు పేరు పోయేది నీకు ఆటగా ఉండాదా?"

"లేదు. మీరు ఈస్టు తెచ్చినది నిజం. మూడో భాగం తీసినది నిజం, అంత సుద్ధంగా ఎవరూ తీయలేరు. చలిదాన్ లేదు మేడం. ఆ ఒక్కటిదాన్ లేదు. దాన్ని మీరే చెప్తే మీ పని మిగలతాది. దాచిపెడితే, బయటివాడు ఎవడో చెప్తాడు, అప్పుడు అంతా పోతాది."

"నాకు బుద్ధి చెప్తుండావా?"

"మీరు నేర్పించింది మీకే చెప్తుండాను."

శివకామి థర్మామీటరును దించి సంచిలో వేసుకుంది. "అయితే సంతకం లేదు."

"సరి, మేడం."

తలుపు మూసుకున్నాక యామిని ప్లేట్లను మళ్ళీ వాటి వరుసలో పెట్టింది.

సెమినారు రోజున హాలు నిండింది. ముందు వరుసలో ట్రస్టు కార్యదర్శి సీనివాసన్ కూర్చున్నాడు. ఆయనకు నూలుమిల్లు. యామిని మొదట పెట్టె వెనకవైపు ఫోటో చూపించింది, హీటరు తీగతో, దూది ఉండతో సహా. తరువాత ప్లేట్లు చూపించింది. చివరి వాక్యాన్ని పదం తగ్గించకుండా చదివింది: మూడో భాగం లేని రాజపాళయం ఈస్టు చలిలో పెరగదు, పెరుగుతుందన్న మునుపటి నివేదిక చలిలో చేసింది కాదు.

సీనివాసన్ లేచాడు. "కొత్త ల్యాబుకు రాయి వేసినాము. ఇప్పుడొచ్చి మన ఈస్టు సాదా ఈస్టు అంటావు. నువ్వు ఏ ఊరి పిల్లవమ్మా?"

"ఈ ఊరే, సార్. అందుకేదాన్ నేను చెప్తుండాను."

"ఊరి పిల్ల ఊరిని కించపరచేదా?"

"సార్, మీ మిల్లులో తెగిన నూలును అతక్కుండా కోను లోపలికి చుట్టి పంపిస్తే, కొన్నవాడు మగ్గం ఎక్కించినప్పుడు తెలియకుండా పోతాదా?"

వెనక వరుసలో ఎవరో నవ్వి దగ్గుగా మార్చుకున్నారు. సీనివాసన్ ముఖం ఎర్రబడింది. "మిల్లు గురించి నాకు చెప్పద్దు. మేడం, మీరు చెప్పండి. ఈ ప్లేట్లు సరియా, తప్పా?"

శివకామి లేచి నిలబడింది. హాలంతా ఆమె వైపు తిరిగింది. ఒక్క మాట చాలు. ప్లేట్లు కలుషితమయ్యాయన్నా చాలు, అరటికాయల గదిలో చేసిన పనికి విలువేమిటన్నా చాలు, ఊరు ఆమె మాటే నమ్ముతుంది. యామిని పోడియం అంచును పట్టుకుంది.

"ప్లేట్లు నేను చూసినాను," అంది శివకామి. "థర్మామీటరు నాదే. వాటిలో తప్పు లేదు."

"అయితే మీరు సంతకం పెడ్తారా?"

"పెట్టను," అని, ఆమె కూర్చుంది.

రెండు జవాబులూ ఒకే గొంతుతో వచ్చాయి. సీనివాసన్‌కు ఏ జవాబును పట్టుకోవాలో తెలియలేదు. సభ ముగిసింది.

గేటు దగ్గర బాలాజి స్కూటరు మీద కూర్చుని ఉన్నాడు. సంగతి అప్పటికే మండి దాకా పాకింది.

"పెట్టనన్నదంటనే."

"ఆమా."

"ఇప్పుడు ఏం చేస్తావు?"

"వేరే గైడును చూసుకుంటాను. మొదటి నుంచి."

"ఇంగా ఎన్నేళ్ళు చదువుతావు, తల్లీ? ఈ లోపల నా అరిటిగెలకి పిల్లలు పుట్టి పెద్దవైపోతాయి." విసుగ్గా అన్నాడు. "బ్యానర్ వచ్చింది. గోడౌన్‌లో చుట్టి పెట్టినాను. చలికి జడవని అన్నదాకా బాగుండాది. మిగిలినది కత్తిరించి నీ ఫోటో అంటించేదా?"

"ముందు చలిగది తాళంచెవి ఇవ్వు, మామా."

"మళ్ళీయా?"

"కొత్త గైడు కూడా చూడాలంటారు కదా."

ఆయన గొణుక్కుంటూ మొలలోంచి తాళంచెవి తీసి ఇచ్చాడు.

సామాను తీసుకోవడానికి ఆమె పరిశోధనశాలకు వెళ్ళింది. అందరూ వెళ్ళిపోయారు. పాత పెట్టె డయల్ ఇంకా పదహారు మీదే ఉంది. యామిని పైనున్న రంధ్రంలోంచి దూది ఉండను వేలితో పెకలించింది. అది ఏళ్ళ దుమ్ముతో గట్టిపడి, బిరడాలా ఊడి వచ్చింది. ఆ చోట తన థర్మామీటరును దించింది. ఒక తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో 'ఇది వేడి పెట్టె. దీనికి చలి చేయడం రాదు' అని రాసి, తలుపు మీద అంటించింది. ఎవరైనా గోకినా రాకుండా నాలుగు అంచులూ టేపు వేసింది.

వెనక చెప్పుల చప్పుడైంది. గుమ్మంలో శివకామి.

"దాన్ని తీసేయి."

"తియ్యను, మేడం."

"నేను ఇంగా ఈ డిపార్టుమెంటు హెడ్‌ను."

"తెలుసు. మీరు కావాలంటే తీసేయండి. నేను తియ్యను."

శివకామి లోపలికి వచ్చి పెట్టె ముందు నిలబడింది. కాగితం చదివింది. చేయి ఎత్తింది. ఆ వేళ్ళు టేపు అంచు దాకా వెళ్ళి, అక్కడ కాసేపు ఆగి, కిందికి జరిగి డయల్‌ను పట్టుకున్నాయి. ఎనిమిదేళ్ళుగా పదహారు దగ్గర ఉండి ఉండి బిగుసుకుపోయిన డయల్. ఆమె బలంగా తిప్పింది. ఇరవై, ముప్పై, ముప్పై ఏడు.

లోపల ఎక్కడో టిక్కుమంది. ఎర్ర దీపం వెలిగింది.

ఇద్దరూ దాన్ని చూస్తూ నిలబడ్డారు.

"ఈ వేడికైనా పనికివస్తాది కదా," అంది శివకామి. ఆమె కళ్ళు థర్మామీటరు మీద ఉన్నాయి. గీత మెల్లగా పైకి పాకుతోంది. "సంతకం అడగబాక."

"అడగను, మేడం."

యామిని ప్లేట్లను సంచిలో సర్దుకుని, వాటి మీద స్వెట్టరు కప్పింది. బస్టాండు వైపు పోయే షేర్ ఆటో గేటు దగ్గర హారన్ కొడుతోంది. ఆమె గుమ్మం దాటి ఒక్కసారి వెనక్కి చూసింది. శివకామి స్టూలు లాక్కుని పెట్టె ముందు కూర్చుంది. తలుపు మీద కాగితం అలాగే ఉంది.